జీపీఎస్ లేకుండా ఫోన్‌లో ఆచూకీ: చంద్రపూర్ పరిసరాల్లో

ఉపగ్రహాల సంకేతం అందకపోయినా, అసలు ఆ చిప్పే లేకపోయినా సెల్‌ఫోన్ తానెక్కడుందో చెప్పగలదు. సెల్ టవర్ల నంబర్లు, చుట్టుపక్కల ఇళ్లలోని వైఫై రౌటర్లు, బ్లూటూత్ బీకన్లు, ఫోన్‌లోనే ఉండే కదలిక సెన్సర్లు, కెమెరా, ఇంటర్నెట్ చిరునామా ఇందుకు ఆధారాలు. దొరికే జవాబు మాత్రం చోటును బట్టి మారిపోతుంది. బజారులో కొన్ని పదుల మీటర్ల తేడాతో తేలేది అడవి అంచున కిలోమీటర్ల కొద్దీ అటూ ఇటూ కావచ్చు.

ఈ తేడాలన్నీ ఒకే జిల్లాలో చూడాలంటే మహారాష్ట్ర తూర్పు కొసన తెలంగాణను ఆనుకుని ఉన్న చంద్రపూర్ అనువైన చోటు. గోండు రాజుల కోటగోడ లోపల ఇరుకు వీధుల పాత ఊరు, దాని పక్కనే బొగ్గు గనులు, థర్మల్ విద్యుత్ కేంద్రం, ఉత్తరాన తాడోబా పులుల అడవి, దక్షిణాన బల్లార్షా మీదుగా కాజీపేటకు దిగే రైలు మార్గం. గనుల్లోనూ బల్లార్‌పూర్ పేపరు మిల్లులోనూ పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. రాజురా తాలూకా అయితే 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రపు ఆదిలాబాద్ జిల్లాలోనిదే. సరిహద్దు ఇటూ అటూ రోజూ తిరిగే జనం ఉన్న ఈ నేల మీద ఫోను ఏ రాష్ట్రంలో ఉన్నానని అనుకుంటోందన్నది ఉత్త కుతూహలం కొద్దీ అడిగే ప్రశ్న కాదు.

జీపీఎస్, నెట్, లొకేషన్

ముందుగా ఒక అపోహ తీర్చుకోవాలి. ‘ఇక్కడ నెట్ లేదు కదా, జీపీఎస్ ఎలా పనిచేస్తుంది?’ అని చాలామంది అడుగుతారు. జీపీఎస్‌కు నెట్‌తో పని లేదు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు కచ్చితమైన సమయాన్ని ప్రసారం చేస్తుంటాయి. ఫోను విని లెక్క కట్టుకుంటుందే తప్ప తిరిగి వాటికి ఏమీ పంపదు. తాడోబా లోపల సిగ్నల్ గీత ఒక్కటీ లేకపోయినా, తల మీద ఆకాశం ఉంటే అక్షాంశ రేఖాంశాలు దొరుకుతాయి. దొరకనిది మ్యాపు బొమ్మ. దాన్ని ముందే దించుకోకపోతే ఖాళీ తెర మీద నీలిచుక్క ఒక్కటే మిగులుతుంది. పులుల అభయారణ్యాల్లో సిబ్బంది గస్తీని నమోదు చేసే ఎం-స్ట్రైప్స్ యాప్ నిలబడింది ఈ ఉపగ్రహాల ఆధారం మీదే. నెట్ సాయం చేసేది మొదటి చుక్క త్వరగా దొరకడానికే: ఉపగ్రహాల పంచాంగం మొత్తాన్ని ఆకాశం నుంచి దించుకోవాలంటే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది, నెట్ నుంచి అయితే క్షణాల్లో వస్తుంది.

జీపీఎస్ చేతులెత్తేసేది వేరే చోట్ల. కాంక్రీటు శ్లాబు కింద, ఇనుప రేకుల షెడ్డులో, ఏసీ బోగీ మధ్య బెర్తులో, భూగర్భ గనిలో ఆ సన్నటి సంకేతం అందదు. రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైడూ, మన నావిక్ అన్నీ ఇదే జాతివి కనుక ఈ కష్టం వాటికీ తప్పదు.

ఇంకో తికమక ఫోను పైపరదాలోని మీట గురించి. అందరూ దాన్ని ‘జీపీఎస్ బటన్’ అంటారు గానీ అది లొకేషన్ మొత్తానికి తాళం. దాన్ని ఆపితే ఉపగ్రహాలతో పాటు టవర్ల వివరాలు, వైఫై జాబితా చదివే దారి కూడా యాప్‌లకు మూసుకుపోతుంది. ఆండ్రాయిడ్ పాత రూపాల్లో ‘బ్యాటరీ సేవింగ్’ అని ఒక పద్ధతి ఉండేది. అది జీపీఎస్‌ను పక్కనపెట్టి టవర్లతో, వైఫైతో మాత్రమే చోటు చెప్పేది. 2018 నాటి ఆండ్రాయిడ్ 9 నుంచి ఆ ఎంపిక తీసేశారు. జీపీఎస్ లేని పద్ధతి ఒంటరిగా ఎంత పనిచేస్తుందో మామూలు మనిషి పరీక్షించుకునే సులువైన అవకాశం దాంతో పోయింది.

ఉపగ్రహాలకు ముందు

అసలు సిసలైన జీపీఎస్ లేని కొలత ఈ ప్రాంతం పక్కనుంచే సాగింది. 1802లో మద్రాసులోని సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఆధారరేఖను గొలుసుతో కొలిచి విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన త్రికోణమితి సర్వే 78వ తూర్పు రేఖాంశం వెంట ఉత్తరానికి ఎక్కుతూ వచ్చింది. చంద్రపూర్ 79.3 డిగ్రీల దగ్గర ఉంది. అంటే ఆ గీత ఊరికి పడమరగా 135 కిలోమీటర్ల దూరంలో పోతుంది. అర టన్ను బరువున్న థియోడలైట్‌ను కొండల మీదికి, గోపురాల మీదికి ఎక్కించి, కోణాలు కొలిచి, ఒక త్రిభుజం భుజం నుంచి ఇంకో త్రిభుజం కట్టుకుంటూ పోవడం ఆయన పద్ధతి. హైదరాబాద్ నుంచి నాగపూర్ వెళ్లే దారిలో 1823 జనవరి 20న హింగణ్‌ఘాట్‌లో లాంబ్టన్ చనిపోయాడు. చంద్రపూర్ నుంచి అది గగనమార్గాన 80 కిలోమీటర్లు. ఆయన తర్వాత పని అందుకున్న జార్జ్ ఎవరెస్ట్ అంతకుముందు నిజాం రాజ్యంలో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో కొలతలు చేస్తూ జ్వరాన పడ్డవాడే.

లాంబ్టన్ మాట ఇక్కడ ఎత్తడానికి కారణం ఉంది. ఆయన తన చోటును తానే పుట్టించుకున్నాడు. ఇప్పటి ఫోను అలా చేయదు. ఎవరో ముందే చోటు కట్టిపెట్టిన గుర్తు ఒకటి వెతికి, దాని పక్కన తన పేరు రాసుకుంటుంది. ఆ గుర్తుకు చోటు కట్టిన ఫోను చేతిలో దాదాపు ఎప్పుడూ జీపీఎస్ ఉండే ఉంటుంది. ఈ వ్యాసంలోని ‘జీపీఎస్ లేకుండా’ అన్న మాటకు అర్థం ఈ ఫోన్‌లో లేకుండా అని మాత్రమే. ఇంకొకరి ఫోన్‌లో, ఇంతకుముందెప్పుడో, అది పనిచేసే ఉంది.

ల్యాండ్‌లైన్ రోజుల్లో నంబరే ఊరు చెప్పేది: 07172 అంటే చంద్రపూర్. 1972 ఆగస్టు 15న వచ్చిన పిన్‌కోడూ అలాంటిదే. చంద్రపూర్‌కు 4424తో మొదలయ్యేవి, సరిహద్దు దాటి కాగజ్‌నగర్ వైపు 504తో మొదలయ్యేవి. సెల్‌ఫోన్ వచ్చాక నంబరుకూ ఊరికీ ఉన్న ఆ ముడి తెగిపోయింది.

టవర్ చెప్పే చోటు

2000 తర్వాతి దశాబ్దంలో నోకియా ఫోన్లు వాడినవారికి తెర మీద పేట పేరు కనిపించడం గుర్తుండే ఉంటుంది. సెట్టింగుల్లో ‘సెల్ ఇన్ఫో డిస్‌ప్లే’ ఆన్ చేసి, 50వ నంబరు ఛానల్ పెట్టుకుంటే టవర్ పంపే పేరు ఫోన్‌లో పడేది. బస్సు కదిలే కొద్దీ ఒక పేరు పోయి ఇంకో పేరు వచ్చేది. దానికి నెట్ అక్కర్లేదు, లెక్క అక్కర్లేదు, మనమెక్కడున్నామో ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు. టవర్ తన పేరు తాను చాటుతుంది, విన్నవాడు వింటాడు. గోప్యత దృష్టితో చూస్తే ఇంత మర్యాద గల పద్ధతి ఆ తర్వాత రాలేదు. స్మార్ట్‌ఫోన్లు వచ్చాక దాన్ని పట్టించుకున్నవారు లేరు. 2023లో దేశమంతటా ఫోన్లను ఒక్కసారిగా కేక పెట్టించిన ప్రభుత్వ విపత్తు హెచ్చరికల పరీక్షా సందేశాలు నడిచింది ఇదే సెల్ బ్రాడ్‌కాస్ట్ దారిలో: ఎవరెక్కడున్నారో తెలియకుండానే, ఫలానా టవర్ల కింద ఉన్న అందరికీ ఒకే మాట.

పేరు చాటకపోయినా ప్రతి టవరూ నంబరు చాటక తప్పదు. ఆండ్రాయిడ్ ఫోన్ డయలర్‌లో *#*#4636#*#* కొడితే చాలా మోడళ్లలో ఒక పరీక్షా పేజీ తెరుచుకుంటుంది. ఐఫోన్‌లో *3001#12345#* కొట్టి కాల్ నొక్కాలి. అక్కడ కనిపించే అంకెల్లో మొదటిది దేశం: మనకు 404 లేదా 405. రెండోది కంపెనీ, దాని సర్కిల్. ఎయిర్‌టెల్ మహారాష్ట్ర సర్కిల్‌కు 90, ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌కు 49. బీఎస్‌ఎన్‌ఎల్‌కు మహారాష్ట్రలో 66, ఆంధ్రప్రదేశ్‌లో 73. రాష్ట్రం విడిపోయినా టెలికాం లైసెన్సుల లెక్కలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కలిపి ఇప్పటికీ ఒకే సర్కిల్. మూడోది కొన్ని టవర్ల గుంపుకు పెట్టిన ప్రాంత సంఖ్య. నాలుగోది సెల్ సంఖ్య. ఈ నాలుగూ కలిస్తే ప్రపంచంలో ఇంకెక్కడా లేని చిరునామా అవుతుంది.

4జీలో సెల్ సంఖ్య 28 బిట్లు. అందులో మొదటి 20 టవర్‌ను, చివరి 8 ఆ టవర్ మీది యాంటెనాను చెబుతాయి. లెక్క చూపడానికి 51456257 అనే సంఖ్య తీసుకుందాం. దాన్ని 256తో భాగిస్తే భాగఫలం 201001, శేషం 1. అంటే 201001వ టవర్, 1వ సెక్టార్. టవర్ మీద యాంటెనాలు మామూలుగా మూడు దిక్కులకు, ఒక్కోటి 120 డిగ్రీల మేర చూస్తుంటాయి. కాబట్టి సెక్టార్ తెలిస్తే ఫోను టవర్‌కు ఏ వైపున ఉందో తేలి, వెతకాల్సిన వృత్తం మూడో వంతుకు కుదించుకుపోతుంది.

దూరం తెలియడానికి ఇంకో ఆధారం ఉంది. ఫోను పంపే మాట టవర్‌కు సరైన క్షణానికి చేరాలంటే దూరాన్ని బట్టి కొంచెం ముందుగా బయలుదేరాలి. ఎంత ముందుగా అన్నది టవరే చెబుతుంది. 2జీలో ఈ మెట్టు ఒక్కోటి 550 మీటర్లు, మొత్తం 0 నుంచి 63 వరకు. అందుకే పాత జీఎస్‌ఎం టవర్ మామూలు పరిధి 35 కిలోమీటర్లు. మెట్టు 5 అని ఉంటే ఫోను టవర్ నుంచి 2.75 కిలోమీటర్ల దగ్గర మొదలయ్యే 550 మీటర్ల వెడల్పు పట్టీలో ఎక్కడో ఉంది. 4జీలో మెట్టు 78 మీటర్లకు తగ్గింది. అయితే ఈ సంఖ్యను చాలా ఫోన్లు యాప్‌లకు అందనివ్వవు. సిగ్నల్ బలాన్ని బట్టి దూరం అంచనా కట్టే పద్ధతీ ఉంది గానీ, మధ్యలో ఒక గోడ వచ్చినా చెట్ల గుంపు వచ్చినా ఆ లెక్క తప్పుతుంది. మూడు నాలుగు టవర్ల సంకేతాలు చేరే సమయాల్లోని తేడాలను కొలిచే పద్ధతులు వీటికంటే మెరుగు. వాటికి ఆపరేటర్ సహకారం కావాలి.

ఇంతా చేసి టవర్ నంబరు ఒక నంబరు మాత్రమే. అది మ్యాపు మీద ఏ చోటో చెప్పే పట్టిక లేకపోతే దాంతో ఏ ఉపయోగమూ లేదు. ఆపరేటర్లు ఆ పట్టిక బయటపెట్టరు. అందుకే దాన్ని జనం ఫోన్ల నుంచే కూడబెట్టారు. జీపీఎస్ ఉన్న ఫోను ఒక టవర్ కింద నుంచి పోతున్నప్పుడు ‘ఈ నంబరు ఇక్కడ వినిపించింది’ అని రాసి పంపుతుంది. అలాంటి చీటీలు వేలకొద్దీ కలిస్తే టవర్ చోటు తేలుతుంది. 2007 నవంబరులో గూగుల్ మ్యాప్స్ ‘మై లొకేషన్’ పేరుతో జీపీఎస్ లేని ఫోన్లకు చుక్క చూపడం మొదలుపెట్టింది ఇలా కూడిన పట్టికతోనే. 2007లో వచ్చిన మొదటి ఐఫోన్‌లో జీపీఎస్ లేదు. 2008 జనవరి అప్‌డేట్‌తో గూగుల్ టవర్ పట్టిక, స్కైహుక్ కంపెనీ వైఫై పట్టిక కలిపి దానికి చోటు తెలిసేలా చేశారు. అందరికీ తెరిచి ఉన్న పట్టికల్లో 2008లో మొదలైన ఓపెన్‌సెల్‌ఐడీ ఇంకా నడుస్తోంది. మొజిల్లా 2013లో మొదలుపెట్టిన సేవ 2024లో మూతపడింది.

చంద్రపూర్ ఊళ్లో జట్‌పురా గేటు, గాంధీ చౌక్ చుట్టూ టవర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, ఫోన్లూ ఎక్కువే. చీటీలకు కొదవ లేదు. తాడోబా వైపు పోయే కొద్దీ రెండూ పలచబడతాయి. 625 చదరపు కిలోమీటర్ల కోర్ అడవి అంచున ఒక్కో టవర్ కిలోమీటర్ల కొద్దీ నేలను మోస్తుంది. అక్కడ మ్యాపులో చుక్క చుట్టూ పరుచుకునే లేతనీలం వృత్తం పెద్దదవుతుంది. చాలామంది చుక్కనే చూస్తారు. ఫోను నిజంగా చెబుతున్నది ఆ వృత్తాన్ని: ‘ఇందులో ఎక్కడో ఉన్నాను’ అని.

రైలు ఎక్కడుందో చెప్పే యాప్

టవర్ ఆధారంగా చోటు చెప్పే పద్ధతికి మన దేశంలో ఎంతోమంది చేతుల్లోకి వెళ్లిన ఉదాహరణ ‘వేర్ ఈజ్ మై ట్రెయిన్’. బెంగళూరులోని సిగ్మాయిడ్ ల్యాబ్స్ అనే చిన్న సంస్థ దాన్ని తయారుచేసింది. 2018 డిసెంబరులో గూగుల్ ఆ సంస్థను కొనేసింది. నెట్ లేకపోయినా, జీపీఎస్ అందకపోయినా, బోగీలో ఉన్న ఫోన్‌కు రైలు ఎక్కడుందో అది చెబుతుంది.

కిలోమీటరు రెండు కిలోమీటర్ల తప్పు ఉన్న టవర్ లెక్కతో ఇది ఎలా సాధ్యం? రైలు పొలాల్లోకి పోదు. పట్టా మీదే ఉంటుంది. టవర్ వృత్తం నాలుగు చదరపు కిలోమీటర్లున్నా అందులో పట్టా ఉన్న ముక్క కొద్దిదే. పైగా ఒక టవర్ వదిలి ఇంకో టవర్ పట్టుకునే బిందువు ప్రతి ప్రయాణంలోనూ దాదాపు ఒకే చోట వస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే బండి నిమిషానికి 1.7 కిలోమీటర్లు కదులుతుంది. అలాంటి మార్పులు త్వరత్వరగా వస్తుంటాయి. దానికి తోడు టైంటేబుల్ చేతిలో ఉంది, స్టేషన్ల వరస తెలుసు. అన్ని దిక్కులా వెతకాల్సిన ప్రశ్న ఒకే గీత మీద ముందా వెనకా అన్న ప్రశ్నగా మారిపోయింది. ఈ ఒక్క గమనికే ఆ యాప్‌కు ప్రాణం. కావలసిన సమాచారమంతా ముందే ఫోన్‌లోకి దింపి పెట్టుకుంటుంది కనుక దారిలో నెట్ అవసరం రాదు.

కాజీపేటలో ఎక్కినవారు రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, సిర్పూర్ కాగజ్‌నగర్ దాటి సిర్పూర్ టౌన్ వరకు తెలుగు సర్కిల్ టవర్ల కింద ఉంటారు. వీరూర్ స్టేషన్ మహారాష్ట్రది. ఆ రెంటి మధ్య ఎక్కడో ఎయిర్‌టెల్ ఫోన్‌లో 49 పోయి 90 వస్తుంది. ఒకప్పుడు ఆ మార్పుతోనే రోమింగ్ ఛార్జీ మొదలయ్యేది, స్వాగతం చెబుతూ మెసేజ్ వచ్చేది. కిటికీలోంచి చూడకుండానే రాష్ట్రం మారిందని తెలిసేది. తర్వాత మాణిక్‌గఢ్, వార్ధా నది వంతెన, బల్లార్షా, చంద్రపూర్. టవర్లు దూరదూరంగా ఉన్న అడవి భాగాల్లో యాప్ చుక్క కొంతసేపు కదలదు, తర్వాత ఒక్కసారిగా దూకుతుంది. బండి ఆగిందని కంగారు పడనక్కర్లేదు.

యాపిల్ తన ఫోన్లలో టవర్ నంబర్లను బయటి యాప్‌లకు ఇవ్వదు. కాబట్టి ఈ తరహా పనితనం ఆండ్రాయిడ్‌కే చెల్లింది. అక్కడ కూడా టవర్ నంబరు చదవాలంటే లొకేషన్ అనుమతి కావాలి, మీట ఆన్‌లో ఉండాలి. ‘జీపీఎస్ వాడను’ అంటూనే యాప్ లొకేషన్ అడగడంలో మోసమేమీ లేదు.

సరిహద్దు మీద

చంద్రపూర్ జిల్లా జివతి తాలూకాకూ కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలానికీ మధ్య పరందోళి, అంతాపూర్, ముకదంగూడ వంటి 14 ఊళ్లను మహారాష్ట్ర, తెలంగాణ రెండూ తమవే అంటున్నాయి. రెండు ప్రభుత్వాల బళ్లు, రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు జాబితాలు అక్కడ మామూలు. ఆ ఊళ్లలో ఫోను ఏ రాష్ట్రం చెబుతుంది? సర్కిల్ సంఖ్య చెప్పేది టవర్ ఏ లైసెన్సు కిందిదో మాత్రమే. రేడియో తరంగం గుట్ట అవతలికి దూకుతుంది, రెవెన్యూ గీత దగ్గర ఆగదు. ఒకే ఇంట్లో రెండు కంపెనీల సిమ్‌లు చెరో రాష్ట్రం చూపినా ఆశ్చర్యం లేదు. అక్షాంశ రేఖాంశాలు కచ్చితంగా దొరికినా తగవు తీరదు, ఎందుకంటే వాటిని ఊరి పేరుగా మార్చే మ్యాపులో గీత ఎవరు గీశారన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

వైఫై

ఊళ్లో టవర్ కంటే వైఫై ఎన్నో రెట్లు మేలు. ప్రతి రౌటరూ సెకనుకు దాదాపు పదిసార్లు తన ఉనికి చాటుతుంది, తన 48 బిట్ల చిరునామాతో సహా. ఫోను దానికి కనెక్టు కానక్కర్లేదు, పాస్‌వర్డ్ తెలియనక్కర్లేదు; వినిపించిన చిరునామాల జాబితాను సర్వర్‌కు పంపితే చాలు. రౌటర్ పరిధి కొన్ని పదుల మీటర్లే కనుక, ఐదారు కలిసి వినిపించే చోటు ఏ వీధి మలుపో తేలిపోతుంది.

ఈ ఆలోచనకు పునాది వేసినవారిలో మనవాళ్లున్నారు. సిగ్నల్ బలాలను ముందే కొలిచి పెట్టుకుని, తర్వాత వాటితో పోల్చి భవనం లోపల మనిషి ఎక్కడున్నాడో రెండు మూడు మీటర్ల తేడాతో చెప్పవచ్చని చూపిన రాడార్ అనే పరిశోధన 2000 నాటిది. పరమ్‌వీర్ బహల్, వెంకట పద్మనాభన్ దాన్ని మైక్రోసాఫ్ట్ రిసెర్చ్‌లో చేశారు. అదే ఏడు ఎంఐటీలో రేడియో, అతిధ్వని తరంగాలతో క్రికెట్ అనే వ్యవస్థను కట్టిన బృందంలోని హరి బాలకృష్ణన్ పుట్టింది చంద్రపూర్‌కు పొరుగునున్న నాగపూర్‌లో.

వైఫై పట్టిక తయారీకి 2003లో మొదలైన స్కైహుక్ ఊళ్లమ్మట కార్లు తిప్పింది. గూగుల్ స్ట్రీట్ వ్యూ కార్లూ రౌటర్ల చిరునామాలు ఏరాయి. ఆ సందులో తాళం లేని వైఫైల్లో నడుస్తున్న సమాచారం ముక్కలు కూడా పట్టుకున్నాయని 2010లో బయటపడి పెద్ద గొడవైంది. ఇప్పుడు కార్ల అవసరం తీరిపోయింది. జేబులో జీపీఎస్ ఉన్న ఫోన్‌తో నడిచే ప్రతి మనిషీ తెలియకుండానే ఆ పని చేస్తున్నాడు. తన రౌటర్ పట్టికలోకి ఎక్కకూడదనుకునేవారు వైఫై పేరు చివర అండర్‌స్కోర్ పెట్టి ఇంగ్లిషులో నోమ్యాప్ అని చేర్చే ఏర్పాటును గూగుల్ 2011లో తెచ్చింది. పేరు మార్చుకుంటే తప్ప వదలమనడం ఇంటి యజమానిదే బాధ్యత అన్నట్టుంది. 2024లో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిక్ రై, డేవ్ లెవిన్ యాపిల్ పట్టికను ఊహించిన చిరునామాలతో తట్టి 200 కోట్లకు పైగా రౌటర్ల చోట్లు రాబట్టవచ్చని చూపారు. ఆ తర్వాతే యాపిల్ కూడా నోమ్యాప్ మాటను మన్నించడం మొదలుపెట్టింది.

పట్టిక పాతబడితే తమాషాలు జరుగుతాయి. మంచిర్యాల నుంచి చంద్రపూర్‌కు బదిలీ అయిన కుటుంబం సామానుతో పాటు రౌటర్ కూడా తెచ్చుకుంటే, చుట్టుపక్కల వేరే వైఫై లేని ఇంట్లో ఫోను కొన్నాళ్లు మంచిర్యాలలోనే ఉన్నానంటుంది. చుట్టూ పది రౌటర్లుంటే మిగతా తొమ్మిదీ దాని సాక్ష్యాన్ని కొట్టేస్తాయి. కదిలే హాట్‌స్పాట్లను, జాతర్లకు వాహనం మీద తెచ్చి నిలిపే తాత్కాలిక టవర్లను ఏరిపారేయడం ఈ పట్టికలు నడిపేవారికి నిత్యం తలనొప్పి.

మిగతా పద్ధతులు

2018లో ఆండ్రాయిడ్ 9తో వచ్చిన వైఫై ఆర్‌టీటీ, సంకేతం రౌటర్‌కు వెళ్లి వచ్చే సమయాన్ని కొలిచి ఒకటి రెండు మీటర్ల కచ్చితత్వం ఇస్తుంది. రౌటర్ కూడా అందుకు తగినదై ఉండాలి. 2013లో యాపిల్ తెచ్చిన ఐబీకన్ వంటి బ్లూటూత్ దీపాలు మాల్స్‌కు, విమానాశ్రయాలకు పనికొస్తాయి. త్వరణ సెన్సర్ అడుగులు లెక్కపెడుతుంది, దిక్సూచి దిశ చెబుతుంది. తెలిసిన చోటు నుంచి బయలుదేరి కొంతదూరం ఇలా లాగవచ్చు గానీ తప్పు అడుగడుగునా పోగవుతుంది. వాయుపీడన సెన్సర్ ఉంటే ఏ అంతస్తో తెలుస్తుంది: ఒక హెక్టోపాస్కల్ తగ్గితే ఎనిమిది మీటర్లకు పైగా ఎక్కినట్టు.

కెమెరా ముందున్న భవనాలను వీధి చిత్రాలతో పోల్చి చోటు చెప్పే పద్ధతికి ఆ చిత్రాలు ముందే ఉండాలి. మన దేశంలో స్ట్రీట్ వ్యూ 2022 జులైలో పది నగరాలతో తిరిగి మొదలైనప్పుడు మహారాష్ట్ర నుంచి ముంబై, పుణె, నాశిక్, అహ్మద్‌నగర్ ఉన్నాయి, తెలుగు నేల నుంచి హైదరాబాద్ ఉంది. చంద్రపూర్ లేదు. ఇంటర్నెట్ చిరునామా అన్నిటికంటే బలహీనం. మొబైల్ నెట్ పెద్ద నగరాల్లోని ద్వారాల గుండా బయటికి పోతుంది కాబట్టి చంద్రపూర్‌లో ఉన్న మనిషిని వెబ్‌సైట్ ముంబైలో ఉన్నాడనుకోవచ్చు.

నేల కింద

హిందుస్థాన్ లాల్‌పేఠ్, దుర్గాపూర్ రయత్వారీ వంటి పేర్లతో చంద్రపూర్ చుట్టూ వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ భూగర్భ గనులు నడిచాయి. అక్కడ పై పద్ధతులేవీ చెల్లవు. ఉపగ్రహం లేదు, టవర్ లేదు, మామూలు ఫోన్ లోపలికి తీసుకుపోనివ్వరు కూడా. అయినా గనిలో ప్రతి మూలకూ చిరునామా ఉంది. బొగ్గు పొర వాలు వెంట దిగే దారులు డిప్పులు, వాటికి అడ్డంగా తవ్వినవి లెవెళ్లు; రెంటికీ వరస నంబర్లుంటాయి. ‘పన్నెండో డిప్పు, ఏడో లెవెల్’ అంటే సింగరేణిలోనైనా ఇక్కడైనా కార్మికుడికి దారి తెలిసిపోతుంది. ఆ గళ్లను సరిగ్గా నిలిపేది సర్వేయర్. పైనేల మీద తెలిసిన బిందువు నుంచి కొలతను లోపలికి దింపి, పైకప్పులో గుర్తులు బిగించి, ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తుకు కోణం, దూరం కొలుస్తూ పోతాడు. లాంబ్టన్ చేసిన పనే ఇది, చీకట్లో, చిన్న పరికరంతో.

ఆపదలో, కోర్టులో

అత్యవసర కాల్ చేసినవారి చోటు ఆపరేటరే చెప్పాలన్న నియమం అమెరికాలో 1996లో మొదలైంది. నెట్‌వర్క్ కొలతలతో చెబితే 67 శాతం కాల్స్‌కు 100 మీటర్ల లోపు, 95 శాతం కాల్స్‌కు 300 మీటర్ల లోపు తేల్చాలన్నారు. 2014లో బ్రిటన్‌లో మొదలైన ఏఎంఎల్ పద్ధతిలో ఫోనే జీపీఎస్, వైఫై, టవర్ మూడూ చూసుకుని దొరికిన చోటును దానంతటదే పంపుతుంది. మన 112కు ఫోన్ చేసేటప్పుడు టవర్ వృత్తాన్ని నమ్ముకోకుండా నోటితో చెప్పగలిగిన గుర్తులు చూసుకోవడం మంచిది. రైలు పట్టా పక్కనైతే కరెంటు తీగలు మోసే ప్రతి స్తంభం మీదా కిలోమీటరు సంఖ్య, ఆ కిలోమీటరులో స్తంభం వరస సంఖ్య రాసి ఉంటాయి. రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేసి ఆ రెండు సంఖ్యలు చెబితే టవర్ వృత్తం కంటే ఎంతో కచ్చితమైన చోటు చెప్పినట్టే.

పోలీసు దర్యాప్తుల్లో కాల్ రికార్డుల వెంట వచ్చే టవర్ నంబర్లు మామూలు సాక్ష్యమైపోయాయి. అవి ఫోను ఏ సెక్టార్ కింద ఉందో చెబుతాయి, ఏ ఇంట్లో ఉందో చెప్పవు. వార్తల్లో ‘టవర్ లొకేషన్ ఫలానా చోట దొరికింది’ అని రాసేటప్పుడు ఈ తేడా మాయమవుతుంటుంది. బెయిల్ మీద విడుదలైనవారు గూగుల్ మ్యాప్స్‌లో తమ చోటు దర్యాప్తు అధికారికి నిరంతరం కనిపించేలా పెట్టాలన్న షరతు చెల్లదని ఫ్రాంక్ వైటస్ కేసులో సుప్రీంకోర్టు 2024 జులైలో చెప్పింది. యాప్‌లకు కచ్చితమైన చోటు బదులు ఉజ్జాయింపు చోటు మాత్రమే ఇచ్చే వీలు ఐఫోన్‌లో 2020 నుంచి, ఆండ్రాయిడ్‌లో 2021 నుంచి ఉంది. వాతావరణం చెప్పే యాప్‌కు అంతకంటే అక్కర్లేదు.

దొరికిన చోటును చెప్పడం

తపాలా శాఖ 2025 మే 27న డిజిపిన్ అనే చిరునామా పద్ధతిని విడుదల చేసింది. ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకు చెందిన ఎన్‌ఆర్‌ఎస్‌సీ దాని తయారీలో పాలుపంచుకున్నాయి. దేశాన్ని 16 గళ్లుగా, ఒక్కో గడిని మళ్లీ 16గా, ఇలా పది మెట్లు విభజిస్తే చివరి గడి సుమారు 4 మీటర్ల చదరం. పది అక్షరాల కోడ్ దాని పేరు. కోడ్ లెక్క కట్టడానికి నెట్ అక్కర్లేదు. అక్షాంశ రేఖాంశాలు మాత్రం ముందు చేతిలో ఉండాలి. అవి టవర్ ద్వారా, కిలోమీటరు తేడాతో వచ్చినవైతే ఆ వృత్తంలో దాదాపు 2 లక్షల డిజిపిన్ గళ్లు పడతాయి. పది అక్షరాల కోడ్ వాటిలో ఒకదాన్ని మాత్రమే పట్టుకుని అదే నిజమన్నట్టు చూపిస్తుంది. మెట్టు మెట్టుకూ గడి భుజం నాలుగో వంతు అవుతుంది కనుక మొదటి ఆరు అక్షరాల గడి దాదాపు కిలోమీటరు చదరం. జీపీఎస్ పట్టని ఫోన్ నుంచి చిరునామా పంపేవారు ఆ ఆరు అక్షరాలు పంపి, మిగతా దారి జట్‌పురా గేటు దాటాక ఎడమ వైపు అని మాటల్లో చెప్పుకోవచ్చు.